దెయ్యం కట్టుకున్నది మా అమ్మమ్మ చీర



ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో సక్సెస్ స్టోరీ ఏం లేదు. ఒక ఫ్లాప్ గురించి మాట్లాడదాం. ఏ హీరోదో కాదు, నాదే. 5 నిమిషాల 40 సెకన్ల ఫ్లాప్. హారర్ షార్ట్ ఫిలిం తీస్తే క్లాసంతా పడీ పడీ నవ్వింది. సరే, నవ్వారు, అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ఫిలిం చూసి మా అమ్మమ్మ ఇల్లు కొనడానికొచ్చిన ఆయన వెనక్కి తగ్గాడు. మీలో చాలామంది ఫోన్‌తో షార్ట్ ఫిలింలు తీస్తుంటారు కదా, అందుకే నేను ఎక్కడ తప్పు చేశానో, తర్వాత ఏం నేర్చుకున్నానో దాచకుండా చెప్తా.

నేను హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నా. రెండో ఏడాదిలో మాకొక ప్రాజెక్ట్ ఇచ్చారు. ఏదో ఒక జానర్ తీసుకోండి, ఐదారు నిమిషాల ఫిలిం తీయండి, ఫోన్‌తో తీసినా పర్లేదు అన్నారు. క్లాసులో సగంమంది లవ్ స్టోరీ అన్నారు. నేను హారర్ అన్నా. ఎందుకంటే హారర్ ఈజీ అనుకున్నా. పాటలు అక్కర్లేదు, పెద్ద డైలాగులు అక్కర్లేదు. ఒక పాత ఇల్లు, ఒక తెల్ల చీర, ఒక జత గజ్జెలు ఉంటే పనైపోతుంది అనుకున్నా.

ఆ మూడూ మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నాయి. తెనాలి దగ్గర ఒక ఊరు. మండువా ఇల్లు. చూడని వాళ్ల కోసం చెప్తా: ఇంటి మధ్యలో పైకప్పు ఉండదు, ఆకాశం కనపడుతుంది. వానొస్తే నీళ్లు ఆ మధ్యలో పడతాయి, చుట్టూ వసారా, వసారా చుట్టూ గదులు. పెద్ద తలుపులు, అవి తీస్తే కిర్రుమంటాయి. నాకు అదంతా ఫ్రీగా దొరికిన సెట్‌లా కనపడింది. తాతయ్య పోయాక అమ్మమ్మ ఒక్కతే ఉంటోంది అక్కడ.

దసరా సెలవులకి వెళ్లా. రెండు రాత్రులు షూటింగ్. హీరో మా పిన్ని కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. దెయ్యం నేనే. అమ్మమ్మ బీరువాలోంచి ఒక తెల్ల చీర తీసుకుని కట్టుకున్నా, జుట్టు ముందుకేసుకున్నా. కథ ఏంటంటే, కుర్రాడు పాత ఇంటికొస్తాడు, గజ్జెల చప్పుడు వింటాడు, తలుపు తెరుస్తాడు, దెయ్యం! అంతే. ఇంక కథ లేదు.

క్లాసులో ప్రొజెక్టర్ మీద వేశారు. మొదటి నిమిషం అందరూ సైలెంట్. నేను వెనక కూర్చుని 'వర్కవుట్ అవుతోంది' అనుకుంటున్నా. గజ్జెల సౌండ్ రాగానే ఎవరో కిసుక్కుమన్నారు. తలుపు తెరిచి దెయ్యం కనపడగానే ముందు బెంచీలోంచి ఒకడు "నమస్తే ఆంటీ" అన్నాడు. అయిపోయింది. ఇంక దెయ్యం ఏం చేసినా నవ్వే.

మా మేడమ్ మాత్రం నవ్వలేదు. తిట్టలేదు కూడా. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "దెయ్యం వచ్చింది, బాగానే ఉంది. మేం ఎవరి కోసం భయపడాలమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ కుర్రాడెవరు, ఆ ఇంటికి ఎందుకొచ్చాడు, వాడికేమైనా అయితే మనకెందుకు బాధ, ఇవేవీ నా ఫిలింలో లేవు. మూడు వారాలు టైమిచ్చి, మళ్లీ తీసుకురా అన్నారు.

ఇది జరిగిన రెండో రోజు మావయ్య ఫోన్ చేశాడు. ఫుల్ కోపంలో ఉన్నాడు. నేను ఆ ఫిలింలోంచి ఒక ముక్క కట్ చేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టా. మా తమ్ముడు దాన్ని వాడి ఫ్రెండ్స్‌కి పంపాడు. అది ఊరంతా తిరిగింది. అప్పటికే ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు, ఆ సంగతి నాకు సరిగ్గా తెలీదు. మాట్లాడుకుని వెళ్లిన ఆయన ఆ వీడియో చూశాడట. "అబ్బే, మా ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవట్లేదండీ" అని చెప్పి తప్పుకున్నాడు. నిజంగా భయపడ్డాడో, రేటు తగ్గించడానికి సాకు దొరికిందో తెలీదు. ఏదైనా సాకు ఇచ్చింది మాత్రం నేను.

అమ్మమ్మకి ఫోన్ చేసి సారీ చెప్పా. ఆవిడ ఇంటి గురించి ఏమీ అనలేదు. ఇంకోటి అడిగింది. "ఆ చీర నాదే కదే?" అంది. అవునన్నా. కాసేపాగి, "మీ తాతయ్య పోయినకాడ్నుంచి అవే కడతన్నాను. ఆ చీర కడితే మనిషి దెయ్యంలాగా కనపడుద్దా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మా సిలబస్‌లో 'జానర్ కన్వెన్షన్స్' అని ఒక పాఠం ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టా కానీ అర్థమైంది మాత్రం ఆ ఫోన్ తర్వాతే. నాకు అర్థమైన భాషలో చెప్తా.

జానర్ అంటే ఒక మాట ఇవ్వడం. పెళ్లి పత్రిక చూడండి. మూలల్లో పసుపు రాసి ఉంటే లోపల ఒక్క అక్షరం చదవకుండానే ఇది శుభవార్త అని తెలిసిపోతుంది. కన్వెన్షన్ అంటే ఆ పసుపు. వాన పడుతుంటే హీరోయిన్ గొడుగు మర్చిపోయిందంటే అది లవ్ స్టోరీ అని మనకి తెలుసు. ఒకాయన మనకి పనికిరాదనిపించే చిన్న వస్తువుని వంగి మరీ చూస్తున్నాడంటే అది డిటెక్టివ్ సినిమా అని తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. వందల సినిమాలు చూసి చూసి మనమే నేర్చేసుకున్నాం.

అందుకే కన్వెన్షన్ భలే ఉపయోగం. ఐదు నిమిషాల ఫిలింలో 'ఇది భయపడాల్సిన చోటు' అని చెప్పడానికి రెండు నిమిషాలు ఖర్చు పెట్టలేం కదా. ఒక పాత తలుపు కిర్రుమంటే ఐదు సెకన్లలో పనైపోతుంది. నేను చేసిన తప్పు కన్వెన్షన్ వాడటం కాదు. మాట ఇచ్చా, నిలబెట్టుకోలేదు. పత్రిక పంచిపెట్టా, పెళ్లి చేయలేదు. ఇది మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. కన్వెన్షన్‌కి ఒక బరువు ఉంటుంది. అది తెర మీదే ఆగిపోదు, బయటికొచ్చి కూర్చుంటుంది. బనగానపల్లెలో నవాబుల కాలంనాటి బంగ్లా ఒకటుంది. 2009లో వచ్చిన 'అరుంధతి' అక్కడ తీశారు. ఇప్పుడు దాన్ని చాలామంది 'అరుంధతి బంగ్లా' అనే పిలుస్తారు. చూడండి, ఒక సినిమా ఒక కట్టడం పేరే మార్చేసింది. అక్కడంటే అది టూరిస్టులకి సరదా. కానీ నేను తీసింది మనిషి ఉంటున్న ఇల్లు.

ఇక తెల్ల చీర. దెయ్యానికి తెల్ల చీరే ఎందుకు? ఎప్పుడైనా ఆలోచించారా? చీకట్లో బాగా కనపడుతుంది, కెమెరాకి సులువు, నిజమే. కానీ మన ఊళ్లలో తెల్ల చీర ఎవరు కట్టుకునేవాళ్లు? మొగుడు పోయిన ఆడవాళ్లు. ఒంటరిగా పాత ఇంట్లో, తెల్ల చీరలో ఉండే పెద్దావిడని మనం తరతరాలుగా శకునాల దగ్గర పక్కన పెట్టాం, సినిమాల్లో దెయ్యాన్ని చేశాం. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. సినిమాల వల్లే ఇదంతా అని నేననట్లేదు. కానీ నేను బీరువాలోంచి తీసింది కాస్ట్యూమ్ కాదు, ఒక మనిషి రోజూ కట్టుకునే బట్ట. అది నాకు తట్టనే లేదు.

అలాగని హారర్ తీయకూడదా? తీయొచ్చు. నాకు హారర్ అంటే ఇప్పటికీ పిచ్చి. మనవాళ్లే కన్వెన్షన్‌ని ఎంత బాగా తిప్పారో చూడండి. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశారు, రేవతి నటించారు. అందులో పాత కోట లేదు, జమీందారు బంగ్లా లేదు. మామూలు మధ్యతరగతి కుటుంబం ఇల్లు మారుతుంది, అంతే. మనిల్లులాంటి ఇంట్లోనే భయం మొదలైతే ఎలా ఉంటుంది? 2017లో 'ఆనందో బ్రహ్మ' వచ్చింది. మహి వి రాఘవ్ డైరెక్టర్. ఇల్లు అమ్మాలి, దెయ్యాలున్నాయని పేరు పడింది. ఎక్కడో విన్న కథలా ఉంది కదా, మా ఇంటి కథే! అయితే అందులో మనుషుల్ని చూసి దెయ్యాలే భయపడతాయి. రూల్ తెలిసినవాళ్లే రూల్‌ని ఇలా తిప్పగలరు. నాకు రూల్ కూడా సగమే తెలుసు.

సరే, మూడు వారాలుంది. మళ్లీ మొదలుపెట్టా. ఈసారి ముందు ఏం తీయాలని కాదు, ఎలా పనిచేస్తుందని చూశా. నేర్చుకున్న వాటిలో మీకు పనికొచ్చేవి నాలుగు చెప్తా.

ఒకటి, ఉలికిపాటు వేరు, ఉత్కంఠ వేరు. ఇది హిచ్‌కాక్ చెప్పిన విషయం. ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో 1962లో ఆయన్ని రోజుల తరబడి ఇంటర్వ్యూ చేశాడు, అందులో ఉంది. ఇద్దరు ఒక టేబుల్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. టేబుల్ కింద బాంబు ఉంది, మనకి తెలీదు. ఠప్పున పేలింది. ఉలిక్కిపడ్డాం, కొన్ని సెకన్లు. అదే, బాంబు ఉందని ముందే మనకి చూపిస్తే? పేలే టైమ్ కూడా తెలిస్తే? వాళ్లు అవే కబుర్లు చెప్పుకుంటుంటే మనం 'లేవండ్రా బాబూ' అని సీట్లో మెలికలు తిరుగుతాం. పదిహేను నిమిషాలైనా. నా ఫిలింలో నేను తలుపు వెనక దెయ్యాన్ని దాచా. దాచాల్సింది అది కాదు. తలుపు వెనక ఎవరో ఉన్నారని చూసేవాళ్లకి ముందే తెలిసుంటే, తమ్ముడు గడియ మీద చెయ్యేసినప్పుడే క్లాసు ఊపిరి బిగబట్టేది.

రెండు, చీకటి తీయాలంటే వెలుగు కావాలి. రాత్రి సీన్ కదా అని నేను లైట్లన్నీ ఆపేసి తీశా. ఏమైంది? వెలుగు చాలకపోతే ఫోన్ తనంతట తనే ఐఎస్ఓ పెంచేస్తుంది. నలుపు నల్లగా ఉండదు, బూడిదరంగులో చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. పైగా మనిషి కదిలినప్పుడల్లా బొమ్మ ఒకసారి వెలుగవుతుంది, ఒకసారి డల్ అవుతుంది. దానికి మందు: ఒక్క లైట్ పెట్టండి, మనిషి ముఖానికి ఒక పక్క నుంచి. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, తర్వాత కొంచెం కిందకి తగ్గించండి. వెలుగున్న చోటు ఒకటి కనపడితేనే మిగతాది చీకటి అని కంటికి తెలుస్తుంది. ఇంకో చిన్న చిట్కా. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని బల్బుల వెలుగులో వీడియోలో గీతలు పాకుతుంటాయి, చూసే ఉంటారు. ప్రో మోడ్‌లో షట్టర్‌ని 1/50 లేదా 1/100లో పెట్టండి. చాలావరకు పోతాయి.

మూడు, నటించని ముఖం. 1920ల ప్రాంతంలో రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె షాట్ పెట్టాడు, ఒకసారి శవపేటికలో ఉన్న పాప, ఒకసారి అందమైన అమ్మాయి. ముఖం అదే. కానీ చూసినవాళ్లు ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనపడిందన్నారు. అంటే భావం షాట్‌లో లేదు, రెండు షాట్ల మధ్య ఉంది. మన బుర్రలో ఉంది. మా తమ్ముడి చేత నేను కళ్లు పెద్దవి చేయించి, నోరు తెరిపించి, గుండె మీద చెయ్యి పెట్టించా. ఏమీ చేయించకపోయినా సరిపోయేది.

నాలుగు, సౌండ్. 1960లో వచ్చిన 'సైకో'లో బాత్రూమ్ సీన్ అందరికీ తెలుసు. హిచ్‌కాక్ మొదట ఆ సీన్‌కి మ్యూజిక్ వద్దనుకున్నాడట. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. మీరొక పని చేయండి. ఆ సీన్ ఒకసారి మ్యూట్‌లో చూడండి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి సౌండ్ మాత్రం వినండి. ఏది ఎక్కువ భయపెట్టిందో మీకే తెలుస్తుంది. ఎక్కడ్నుంచి వస్తుందో తెలియని శబ్దం కంటే పెద్ద దెయ్యం లేదు. నేనేమో ఫ్రీగా దొరికిన గజ్జెల సౌండ్ డౌన్‌లోడ్ చేసి అతికించా. మీరు ఈ సౌండ్ కనీసం నలభై వీడియోల్లో విని ఉంటారు. అందుకే అందరూ నవ్వారు.

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని మళ్లీ అమ్మమ్మ ఊరెళ్లా. భయంగానే వెళ్లా. మళ్లీ తీస్తానంటే చీపురు తిరగేస్తుందేమో అనుకున్నా. ఆవిడ రెండు కండిషన్లు పెట్టింది. "నా ఇంట్లో దెయ్యాలుండకూడదు. దీపాలార్పకూడదు." హారర్ ఫిలిం తీయడానికి వెళ్తే దెయ్యం వద్దు, చీకటి వద్దు అంటే ఏం తీయాలి?

ఆ రాత్రి అన్నం తిన్నాక వసారాలో కూర్చుని ఊరికే అడిగా. "అమ్మమ్మా, నీకు దేనికి భయం?" పాముకో, దొంగలకో అంటుందనుకున్నా. ఆవిడ చెప్పింది వినండి. "మొన్నొకాయన టేపు పట్టుకొచ్చాడే. గదిగదీ కొలిచాడు. మీ తాతయ్య మంచం ఏసుకునే చోటు కూడా కొలిచాడు. ఆ టేపు సర్రుమని లోపలికెళ్లి టక్కుమంటది చూడూ, ఆ చప్పుడు రాత్రిళ్లు ఇనపడతా ఉంది."

నేను కథ రాయలేదు. ఆవిడే చెప్పింది.

ఫిలిం ఇది. రాత్రి. పెద్దావిడ ఇంటి తలుపులు ఒక్కోటీ గడియ వేస్తుంది. ఒకే ఒక్క బల్బు, మండువా పక్కన. పడుకుంటుంది. ఎక్కడ్నుంచో 'సర్ర్... టక్'. లేచి కూర్చుంటుంది. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి పక్క గదిలో 'సర్ర్... టక్'. లేచి వెళ్లి చూస్తుంది, ఏం లేదు. శబ్దం దగ్గరికొస్తూ ఉంటుంది, గది తర్వాత గది. చివరికి ఆవిడ మంచం పక్కనే. కట్. తెల్లారింది. మంచి ఎండ. ఒకాయన నేల మీద టేపు పరుస్తుంటాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. టేపు వదిలేస్తాడు. సర్ర్... టక్. అంతే, అయిపోయింది.

పాత ఇల్లుంది, రాత్రుంది, వింత శబ్దముంది, ఒంటరి మనిషుంది. కన్వెన్షన్స్ అన్నీ మొదటి ఫిలింలోవే. తేడా ఒకటే. మొదటిదాంట్లో ఆ పెద్దావిడ చీరని చూసి మనం భయపడాలి. రెండోదాంట్లో ఆ పెద్దావిడ కోసం భయపడాలి. మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఆ ఇంట్లోనే ఉంది, నేను చీర మాత్రమే చూశా.

అమ్మమ్మే నటించింది. "నన్నేం చేయమంటావే?" అంటే "ఏం చేయకు, ఆ తలుపు వైపు చూడు, చాలు" అన్నా. కులెషోవ్ గారి దయ. కెమెరాని కదపలేదు. 1989లో 'శివ'లో స్టెడీక్యామ్ వాడారని చదివినప్పట్నుంచీ నాకు పరిగెత్తే కెమెరా అంటే మోజు. మొదటి ఫిలిం నిండా పరుగులే. ఈసారి ఫోన్‌ని బియ్యం డబ్బా మీద పెట్టి, వెనక చెంబు ఆనించి వదిలేశా. కెమెరా కదలకపోతే చూసేవాళ్ల కళ్లు ఫ్రేమంతా వెతుక్కుంటాయి. మూలన ఏమైనా ఉందా, ఆ తలుపు కదిలిందా అని. ఆ పని వాళ్ల చేతే చేయించాలి.

సౌండ్ కోసం మధ్యాహ్నమంతా పట్టింది. ఇలా శబ్దాలు విడిగా రికార్డ్ చేసి అతికించడాన్ని ఫోలీ అంటారు, జాక్ ఫోలీ అనే ఆయన పేరు మీద వచ్చింది. నా ఫోలీ స్టూడియో ఏంటంటే, బొంత. బొంత కప్పుకుని లోపల ఫోన్ పెట్టుకుని, టేపుని ముప్పై నలభైసార్లు లాగి వదిలా. చెమటతో తడిసిపోయా. బయట మా తమ్ముడు "అక్కకి పిచ్చెక్కింది" అని అందరికీ చెప్తున్నాడు. తర్వాత ప్రతి గదిలో ఒక నిమిషం ఊరికే రికార్డ్ చేశా, ఆ గది నిశ్శబ్దం ఎలా ఉంటుందో అది. దీన్ని రూమ్ టోన్ అంటారు. కట్ చేసిన చోట్ల ఇది పరిస్తే అతుకులు వినపడవు. దీనికి ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఆపా. మళ్లీ వేయడం మర్చిపోయా. పొద్దున్నకి ఇడ్లీ పిండి పొంగి పులిసిపోయింది. అమ్మమ్మ దృష్టిలో ఈ మొత్తం ప్రొడక్షన్‌లో జరిగిన ఘోరం అదొక్కటే.

మళ్లీ క్లాసు, మళ్లీ ప్రొజెక్టర్. నేను వెనకే కూర్చున్నా, ఈసారి తెర వైపు చూడలేదు, తలల వైపు చూశా. మూడో 'సర్ర్... టక్'కి ఫోన్ చూసుకుంటున్నవాడు తలెత్తాడు. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక చప్పట్లు కొద్దిగా వచ్చాయి. కానీ నాకు గుర్తుండిపోయింది వేరే. ఆ 'నమస్తే ఆంటీ' అన్నవాడే వెనక్కి తిరిగి అడిగాడు. "ఇంతకీ ఇల్లు అమ్మేశారా?"

చూశారా, షాట్ బాగుందా, లైటింగ్ బాగుందా అని అడగలేదు. ఆవిడ గురించి అడిగాడు.

మార్కులు బాగానే వచ్చాయి కానీ మేడమ్ కోత పెట్టారు. ఒకచోట కెమెరాని గీత దాటించేశా. 180 డిగ్రీల రూల్ అని ఉంటుంది. మనిషికీ, మనిషి చూస్తున్న దానికీ మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. దాటితే ఎడమవైపు చూస్తున్న మనిషి తర్వాతి షాట్‌లో కుడివైపు చూస్తున్నట్టు కనపడుతుంది. అమ్మమ్మ సరిగ్గా తలుపు వైపే చూసింది. నేనే ఆవిడ చేత గోడ వైపు చూపించా.

అమ్మమ్మకి ఫోన్లో చూపించా. కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు చూసింది. "ఇల్లు బాగా వచ్చిందే. నేనే మరీ ముసలిదాన్నైపోయినట్టున్నా" అంది. అంతే.

ఇల్లు సంక్రాంతి తర్వాత అమ్మేశారు. వేరేవాళ్లు కొన్నారు, పడగొట్టి కొత్తది కడుతున్నారు. సినిమా ఒక ఇంటిని కాపాడుతుందని నేనేం చెప్పను, కాపాడలేదు. అమ్మమ్మ ఇప్పుడు మావయ్య దగ్గర ఉంటోంది, గుంటూరులో. మొన్న మావయ్య మెసేజ్ పెట్టాడు. "ఆ రెండో వీడియో ఉంటే పంపు, అమ్మ అడుగుతోంది." అమ్మే అడిగిందో, ఆయనకే కావాలో నేను అడగలేదు. ఒరిజినల్ క్వాలిటీలో పంపా.

చివరిగా మీకొక హోమ్‌వర్క్. పెద్ద కెమెరా వద్దు, గింబల్ వద్దు. మీ ఇల్లే, మీ ఇంట్లో ఒక మనిషే, ఒక్క శబ్దమే. ఒక నిమిషం ఫిలిం. తీసేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. చూసేవాళ్లు ఎవరి కోసం భయపడాలి, లేదా నవ్వాలి, లేదా ఏడవాలి? ఇంకోటి, నేను వాడుతున్న ఈ తెల్ల చీర, ఈ పాత తలుపు, ఈ నల్ల మొహం విలన్, ఈ లావుపాటి కమెడియన్ ఎవరివి? వాళ్లు ఈ ఫిలిం చూస్తే నాకు ఫోన్ చేసి ఏమంటారు?

ఆ ఫోన్ కాల్‌కి మీ దగ్గర జవాబుంటే, ఇంక కెమెరా ఆన్ చేయండి. కానీ ఫ్రిజ్ ఆపితే మాత్రం మళ్లీ వేయడం మర్చిపోకండి.

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.